బొమ్మల సినిమాలు, రీమేకులు, రంగులరాట్నాలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు, పుట్టిల్లు ఒంగోలు. పిల్లల సినిమా ఏదైనా విడుదలవుతోందంటే మా అపార్టుమెంటులో మొదట మోగేది నా ఫోనే. తెలుగులో వచ్చిందా, ఆరేళ్లవాడు భయపడతాడా, చెన్నైలో ఏ పార్కు బాగుంటుంది... ప్రశ్నలు అవే, అడిగేవాళ్లే మారుతుంటారు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక అయిపోయి, చివరికి ఇలా రాసి పెట్టుకున్నాను.

ఇంత వయసొచ్చాక బొమ్మల సినిమాలేమిటి?

ఇది మా ఆడపడుచు ప్రశ్న. ఏటా సంక్రాంతికి వచ్చినప్పుడు, అరిసెల పాకం గురించి అడిగినంత మామూలుగా అడుగుతుంది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో తోలుబొమ్మలాట ఆడితే లంకాదహనం అయ్యేసరికి తెల్లవారేది. తెర ముందు కూర్చున్నవాళ్లలో సగం నెరిసిన తలలే. బొమ్మలాట పిల్లల వ్యవహారమని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. హాలీవుడ్ వాళ్లకు మాత్రం తోచింది. వాల్ట్ డిస్నీ 'స్నో వైట్' తీస్తున్నప్పుడు గంటకు పైగా బొమ్మలను చూస్తూ ఎవరు కూర్చుంటారని నవ్వి, 'డిస్నీ తిక్క' అని దానికి పేరు కూడా పెట్టారు. 1937లో సినిమా విడుదలయ్యాక ఆ మాట అన్నవాళ్లు మళ్లీ అనలేదు. మా ఆడపడుచు ఇంకా అంటోంది.

కుటుంబ చిత్రం అని దేన్ని అంటారు?

వాల్‌పోస్టరు మీద పదిహేనుమంది బంధువులు పెళ్లిపందిరి ముందు నిలబడి నవ్వుతుంటే దాన్ని కుటుంబ కథాచిత్రం అనడం మన అలవాటు. నా లెక్క వేరు. మా అత్తయ్యకు డెబ్బై రెండేళ్లు, మా చిన్నవాడికి తొమ్మిది. ఇద్దరిలో ఏ ఒక్కరూ మధ్యలో "ఇంకా ఎంతసేపు?" అనకపోతే అది కుటుంబ చిత్రం. ఈ పరీక్షలో పెళ్లిపందిరి సినిమాలు చాలా తప్పాయి. సింహాలు, ఎలుగుబంట్లు గట్టెక్కాయి.

పిల్లలున్నవాళ్లు పోస్టరు కంటే ముందు సెన్సారు ధ్రువపత్రం చూడాలి. యూ అంటే అందరూ చూడవచ్చు. యూఏను 2024లో మూడుగా విడదీశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఆ వయసు లోపు పిల్లలను హాల్లోకి రానివ్వరని కాదు, పక్కన ఉండి చూపించాల్సిన బాధ్యత తల్లిదండ్రులదని అర్థం. టికెట్లు కొనే చోట సినిమా పేరు పక్కనే ఆ అంకె ఉంటుంది. దాన్ని చూడకుండా తీసుకెళ్లి, రాత్రంతా పిల్లవాడు దీపం ఆర్పనివ్వడం లేదని మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేయకండి.

డబ్బింగ్, రీమేక్, రీరిలీజ్ మూడూ ఒకటేనా?

కాదు. డబ్బింగులో బొమ్మ అదే, గొంతు మారుతుంది. రీమేకులో కథ అదే, బొమ్మ మారుతుంది. రీరిలీజులో ఏమీ మారదు, టికెట్ ధర తప్ప.

ఉన్న సినిమానే మళ్లీ తీయడం ఎందుకు? కథలు కరువయ్యాయా?

అన్నింటికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

డబ్బు కోసమే తీస్తారు. అది దాచడం అనవసరం. తెలిసిన కథకు జనం వస్తారని నిర్మాతకు ధీమా. డిస్నీ వాళ్లు 1961 నాటి కుక్కపిల్లల బొమ్మల సినిమాను 1996లో మనుషులతో, నిజం కుక్కలతో తీశారు. 2010లో 'ఆలిస్' బాగా ఆడాక ఇక వరస కట్టించారు: 'సిండ్రెల్లా' 2015, 'జంగిల్ బుక్' 2016, 'బ్యూటీ అండ్ ది బీస్ట్' 2017. 2019లో ఒక్క ఏడాదే 'డంబో', 'అల్లాదీన్', 'లయన్ కింగ్' థియేటర్లకు వచ్చాయి. కొత్త కథ రాసేవాళ్లందరూ సెలవు మీద వెళ్లారా అని అప్పట్లో నేనూ విసుక్కున్నాను.

అయితే, మళ్లీ తీయడమే నేరమన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అదే పేరుతో 1942లో మరొకటి, 1967లో రంగుల్లో ఇంకొకటి వచ్చాయి. సి. పుల్లయ్య 1934లో నలుపు తెలుపుల్లో తీసిన 'లవకుశ'ను ముప్పై ఏళ్లు కావస్తుండగా మళ్లీ రంగుల్లో మొదలుపెట్టారు. ఆయన ఆరోగ్యం సహకరించకపోతే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1963లో విడుదలైన ఆ సినిమా తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వెళ్లి చూశామని చెప్పే పెద్దవాళ్లను అడగండి, అది రీమేకని ఒక్కరైనా అంటారేమో.

అంతెందుకు, మనం నెత్తిన పెట్టుకునే 'మాయాబజార్' సంగతి చూడండి. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు. అది జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ. తెలుగు తెర మీదికి 1936లోనే ఒకసారి ఎక్కింది. కె.వి. రెడ్డి తీసినది 1957లో. ఆయన కథ కనిపెట్టలేదు, చెప్పే తీరు కనిపెట్టారు. 2010లో దానికి రంగులు అద్ది మళ్లీ విడుదల చేస్తే మా నాన్నగారు చూసి, "రంగులు బాగానే ఉన్నాయి గానీ నాకు ముందే కనిపించేవి" అన్నారు. అన్నట్టు అందులో చిన్నమయ్యగా నటించిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా వారే. ఆ సన్నటి మనిషి తెర మీద కనిపించగానే హాల్లో ఎవరో ఒకరు "మనోడు" అనడం మా ఊళ్లో ఆచారం.

కాబట్టి నేను అడిగేది మళ్లీ ఎందుకు తీశారని కాదు, ఈసారి ఎవరి కోసం తీశారని. 1963 'లవకుశ' 1934 నాటికి పుట్టని పిల్లల కోసం కూడా తీసిన సినిమా. కొన్ని రీమేకులు మాత్రం పాత సినిమా చూసిన నలభై ఏళ్లవాళ్లకు వాళ్ల బాల్యాన్ని మళ్లీ అమ్మడానికే తీసినట్టుంటాయి. పక్క సీట్లో కూర్చున్న పిల్లవాడికి అందులో చోటుండదు.

మీకు నచ్చినవి, నచ్చనివి?

నచ్చినవాటిలో మొదటిది 2016 'జంగిల్ బుక్'. అమెరికా కంటే వారం ముందే, ఏప్రిల్ 8న మన దేశంలో విడుదలైంది. అడవి మొత్తం కంప్యూటర్లో పుట్టింది, చిత్రీకరణ అంతా లాస్ ఏంజెలిస్ స్టూడియోలో. మోగ్లీగా నటించిన నీల్ సేథీ ఒక్కడే దాదాపు అన్ని సన్నివేశాల్లోనూ నిజం. లేని ఎలుగుబంటి వైపు చూస్తూ ఆ పిల్లవాడు నవ్విన నవ్వు చూసి నేను నమ్మేశాను. 1967 నాటి బొమ్మల సినిమాలో ఎలుగుబంటి హాయిగా పాడుకునేది. కొత్తదానిలో పాటతో పాటు అడవి అంటే భయం కూడా ఉంది. రెండూ కిప్లింగ్ 1894లో అచ్చువేసిన కథలకు దూరపు చుట్టాలే. బాలూ, షేర్ ఖాన్, హాథీ పేర్లు హిందీ మాటలే కాబట్టి మా చిన్నవాడు ఇది మన సినిమాయేనని వాదించాడు. నేను ఎదురు చెప్పలేదు.

2019 'లయన్ కింగ్' దగ్గరే నాకు పేచీ. దాన్ని నిజం జంతువులతో తీశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. అదీ కంప్యూటర్ బొమ్మలే. మొదట్లో సూర్యోదయం ఒక్క షాటు కెమెరాతో తీసినదని దర్శకుడు జాన్ ఫావ్రోయే చెప్పాడు. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టినట్టుంది, బాగుంది. కానీ నిజం సింహం మొహంలో దుఃఖం మనకు కనిపించేలా ఉండదు. 1994 సినిమాలో గీసిన సింహం పిల్ల సింబాకు కనుబొమ్మలున్నాయి, అవి వంగితే మనకు గొంతు పట్టుకుంటుంది. తండ్రి చనిపోయే చోట కొత్త సింబా పక్కింటి పిల్లిలా చూశాడు.

తెలుగులో దాన్ని నిలబెట్టింది గొంతులు. సింబాకు నాని, దుష్టుడైన బాబాయి స్కార్‌కు జగపతిబాబు, తండ్రి ముఫాసాకు రవిశంకర్. ఇక పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ. ఆ ఇద్దరి గొంతులు వినబడగానే, పంది తెర మీదకు రాకముందే మా అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది 'అల్లాదీన్'లో జీనీకి వెంకటేశ్, అల్లాదీన్‌కు వరుణ్ తేజ్ చెప్పారు. 2024లో 'ముఫాసా' వస్తే మహేశ్‌బాబు గొంతు కోసమే వచ్చినవాళ్లు హాల్లో సగం మంది. సింహానికి ఈలలు వేయడం అప్పుడే చూశాను.

నచ్చనిది 2020 'ములాన్'. 1998 సినిమాలో ఉన్న పాటలూ లేవు, అల్లరి చిట్టి డ్రాగన్ కూడా లేదు. మా మేనకోడలు పదినిమిషాలు చూసి, "అత్తా, చేపల పులుసులో మామిడికాయ వేయడం మరిచిపోయారు" అంది. నెల్లూరు పిల్ల నోట ఇంతకంటే కఠినమైన విమర్శ రాదు.

ఇంగ్లీషులో చూడాలా, తెలుగులో చూడాలా?

పెద్దవాళ్లతో వెళ్తే తెలుగులోనే. కింద అక్షరాలు చదువుకుంటూ చూడటం డెబ్బై ఏళ్ల కళ్లకు శిక్ష. అయితే చిన్న ఊళ్లలో ఈ సినిమాలకు ఆటలు తక్కువ. శుక్రవారం నాలుగు ఆటలున్నవి సోమవారానికి ఒకటవుతాయి, ఆ ఒకటీ పిల్లలు బడిలో ఉన్న వేళకు. మొదటి మూడు రోజుల్లో చూసేయండి.

పిల్లలకు ముందు పాతది చూపించాలా, కొత్తదా?

పాతదే. కొత్తది చూసిన పిల్లవాడు పాతదాన్ని "బొమ్మలు సరిగా కదలడం లేదు" అని తోసేస్తాడు. పాతది చూసినవాడు కొత్తదానిలో తప్పులు పడతాడు. తప్పులు పట్టే పిల్లవాడితో సినిమాకు వెళ్లడం ఎంతో సరదా.

సూళ్లూరుపేట పెద్ద తెర కోసం అంతదూరం వెళ్లడం దండగ కాదా?

2019 ఆగస్టులో అక్కడ తెరిచిన వి ఎపిక్ సినిమా హాల్లో తెర వెడల్పు వంద అడుగులకు పైమాటే. అప్పట్లో అది మన జిల్లాలోనే ఉండేది. 2022 విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లినా, జాతీయ రహదారి మీద గంటన్నర ప్రయాణం మాత్రం మారలేదు. అడవులు, సముద్రాలు, ఎగిరే ఏనుగులు ఉన్న సినిమాకైతే వెళ్లవచ్చు. నాలుగు గోడల మధ్య మాట్లాడుకునే సినిమాకు ఊళ్లో హాలు చాలు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు చూసుకుని రెండూ కలిపితే పిల్లలు ఏడాదిపాటు మీ మాట వింటారు. ప్రయోగం చూసే గ్యాలరీకి ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి.

మన దేశంలో డిస్నీలాండ్ ఎక్కడ ఉంది?

ఎక్కడా లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న ఎంజీఎం డిజ్జీ వరల్డ్ పేరు విని మోసపోయినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. దానికీ డిస్నీకీ చుట్టరికం లేదు. అసలైనవి ఆరు చోట్ల ఉన్నాయి: కాలిఫోర్నియాలో 1955 నుంచి, ఫ్లోరిడాలో 1971 నుంచి, టోక్యోలో 1983 నుంచి, పారిస్ దగ్గర 1992 నుంచి, హాంకాంగ్‌లో 2005 నుంచి, షాంఘైలో 2016 నుంచి. ఏడోదాన్ని అబుదాబీలో కడతామని 2025 మే నెలలో ప్రకటించారు. అది వస్తే గల్ఫ్‌లో చుట్టాలున్న మన జిల్లాల వాళ్లకు హాంకాంగ్ కంటే దగ్గర దారి దొరికినట్టే.

జాతరలో జెయింట్ వీలుకూ థీమ్ పార్కుకూ తేడా ఏమిటి?

జాతరలో రంగులరాట్నం ఎక్కితే కళ్లు తిరుగుతాయి, అంతే. థీమ్ పార్కులో తిరగడానికి ఒక కథ ఉంటుంది. మీరు ఎక్కేది పడవ కాదు, ఓడదొంగల ఓడ. వరసలో నిలబడ్డ గోడ దగ్గరనుంచే కథ మొదలవుతుంది. ఈ లెక్క ప్రకారం మన చుట్టుపక్కల ఉన్నవాటిలో ఎక్కువ భాగం థీమ్ పార్కులు కావు, వినోదపు పార్కులు. కథకు దగ్గరగా వచ్చేది 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ. అక్కడ సినిమా సెట్లే పార్కు.

ఇందులో నాకు ఎప్పటికీ పాతబడని తమాషా ఒకటుంది. సినిమా చూసి పార్కులో రైడు కట్టడం అందరికీ తెలిసిందే. డిస్నీ వాళ్లు తిరగేసి కూడా చేశారు. డిస్నీలాండ్‌లో ఓడదొంగల రైడు 1967లో వస్తే, దానిమీద సినిమా 2003లో వచ్చింది. అడవి నదిలో పడవ ప్రయాణం 1955లో పార్కు తెరిచిన నాటినుంచీ ఉంది, సినిమా అయింది 2021లో. దయ్యాల భవంతి 1969 నాటిది. దానిమీద 2003లో ఒక సినిమా, అది సరిగా కుదరలేదని కాబోలు 2023లో మరొకటి. రాట్నానికి కూడా రీమేక్ అన్నమాట.

అయినా జాతరను తక్కువ చేయను. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి, ఉద్యోగం రొట్టె ఎవరి చేతిలో ఉందో, పెళ్లి రొట్టె ఎవరి చేతిలో ఉందో వెతుక్కునే జనాన్ని చూడండి. కథలోకి అడుగుపెట్టడం అంటే ఏమిటో వాళ్లకు ఏ పార్కూ నేర్పనక్కర్లేదు.

నెల్లూరు నుంచి చెన్నై పార్కులకు ఎలా, ఎప్పుడు వెళ్లాలి?

చెన్నై మనకు సుమారు 175 కిలోమీటర్లు. కారులో వెళ్తే నగరం మధ్యకు దూరకుండా మీంజూరు–వండలూరు అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకోండి. పూనమల్లి దగ్గర క్వీన్స్‌ల్యాండ్‌కు అది దగ్గర. విజిపి, డిజ్జీ వరల్డ్ సముద్రం పక్క ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉన్నాయి. తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా 2025 డిసెంబరులో తెరిచారు. రైలైతే ఒంగోలు, నెల్లూరు వాళ్లకు పినాకిని ఉంది గానీ, అది చేరేసరికి సగం రోజు పోతుంది. ముందురోజు వెళ్లి పడుకోవడం మేలు.

మే నెలలో వెళ్లకండి. తమిళనాడు బడులకూ అప్పుడే సెలవులు, ఎండ చెప్పనక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు మనలాగే వాళ్లకూ వానలు. జనవరి, ఫిబ్రవరి బంగారం, ఒక్క రోజు తప్ప. మన ముక్కనుమ నాడు వాళ్లకు కాణుం పొంగల్. ఆ రోజు ఇంట్లో ఉండటం తప్పన్నట్టు నగరమంతా బయటికి వస్తుంది. తెలియక ఒకసారి వెళ్లాం. ఆరు గంటల్లో మూడు రైడ్లు ఎక్కాం, నాలుగోదాని వరసలో మా అత్తయ్య కింద కూర్చుండిపోయింది.

ఇంకో రెండు సంగతులు. నీటి ఆటలకు నూలు బట్టలు ఒప్పుకోరు. నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, పోగులు ఊడి వడపోత యంత్రాల్లో పడతాయి. నైలాను బట్టలు ఇంటి దగ్గరే కొనుక్కోండి, అక్కడి దుకాణంలో కొంటే గుండె తరుక్కుపోతుంది. బయటి తిండి కూడా లోపలికి రానివ్వరు. ఇది తెలిసి కూడా మా ఆయన ఒక పార్కుకు క్యారియరులో చేపల పులుసు తెచ్చారు. మర్నాటికి రుచి పెరుగుతుందని ఆయన వాదన, అది నిజమే. గేటు దగ్గర కాపలాదారు మూత తీసి, వాసన చూసి, చాలాసేపు ఆలోచించి, "వద్దు సార్" అన్నాడు. చివరికి ఎండలో వ్యాను దగ్గర, డ్రైవరుతో కలిసి అందరం నిలబడి తిన్నాం. ఆ రోజు ఏ రైడు బాగుందని మా చిన్నవాణ్ణి అడిగితే ఇప్పటికీ వ్యాను దగ్గర భోజనమే చెబుతాడు.

రోలర్ కోస్టర్ తలకిందులైనప్పుడు పడిపోదా?

పడిపోదు, బండికి చక్రాలు మీరనుకున్న చోటే కాక ఇంకా రెండు చోట్ల ఉంటాయి. పట్టా పైన దొర్లేవి కొన్ని, పక్కనుంచి ఒత్తిపట్టేవి కొన్ని, కింది నుంచి పట్టుకునేవి కొన్ని. పట్టాను మూడువైపుల నుంచి గుప్పిట్లో పట్టుకున్నట్టన్నమాట. చాలావాటికి ఇంజను కూడా ఉండదు. గొలుసు మొదటి మెట్ట పైదాకా లాగి వదిలేస్తుంది. ఆ ఎత్తులో దాచుకున్న శక్తితోనే చివరిదాకా పరుగెత్తాలి, అందుకే మొదటి మెట్ట అన్నింటికంటే ఎత్తు. తలకిందులుగా తిప్పే సున్నాచుట్టు కూడా నిండు సున్నాలా ఉండదు, నీటిబొట్టులా పైన ఇరుకు. గుండ్రంగా కడితే అడుగున మెడ మీద బరువు భరించలేం. ఉక్కు గొట్టాలను పట్టాలుగా వేసిన తొలి కోస్టర్ 1959లో డిస్నీలాండ్‌లోనే వచ్చింది.

పెద్దవాటికి చాలాచోట్ల 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. బయల్దేరే ముందు పిల్లలను గోడకు ఆనించి కొలవండి. వరసలో గంట నిలబడ్డాక వెనక్కి పంపిస్తే వచ్చే ఏడుపు ఆపడం నా వల్ల కాలేదు.

ఇంతకీ మీరు డిస్నీలాండ్ చూశారా?

లేదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లు నా జవాబు విని కాస్త వెనక్కి వాలుతారు, ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు. కాలిఫోర్నియా పార్కు పటం చూడకుండా గీయగలను. 1955 జూలై 17న తెరిచిన రోజు తారు ఇంకా ఆరక ఆడవాళ్ల చెప్పుల మడమలు రోడ్డులో దిగబడ్డాయని, దొంగ టికెట్లతో వేలమంది లోపలికి వచ్చారని, తాగే నీళ్లకు కటకటలాడారని చెప్పగలను. వెళ్లలేదు, అంతే. నలుగురం హాంకాంగ్ వెళ్లిరావడానికి డబ్బు కూడబెట్టడం రెండుసార్లు మొదలైంది. మొదటిసారి ఇంటి స్లాబు కారింది, రెండోసారి మా ఆడపడుచు కూతురి పెళ్లి వచ్చింది. అబుదాబీ వార్త చదివి వినిపిస్తే మా అత్తయ్య, "అక్కడ సింహం తెలుగులో మాట్లాడుతుందా?" అని అడిగింది. మాట్లాడదన్నాను. "అయితే తొందరేం లేదులే" అంది.

ఈసారి మీతో వస్తామంటే తీసుకెళ్తారా?

తీసుకెళ్తాను. ఫిబ్రవరిలో రెండో శనివారం కాకుండా, మామూలు బుధవారం చూసి పెడుతున్నాను. పిల్లల బడికి సెలవు చీటీ మీరే రాసుకోవాలి, జ్వరమని రాస్తారో నిజం రాస్తారో మీ ఇష్టం. వ్యానులో పన్నెండు సీట్లు, తొమ్మిది నిండాయి. ప్రయాణంలో వాంతులయ్యే పిల్లలకు ముందు వరస. తెల్లవారుజామున నాలుగున్నరకు మా అపార్టుమెంటు గేటు దగ్గర ఉండాలి. చేపల పులుసు క్యారియరు ఈసారీ వస్తుంది, తినేది వ్యాను దగ్గరే.